ఒళ్ళు నొప్పులు రావట్లేదంటే జిమ్‌లో చేసింది వృథానా?

సెట్లు (ఆపకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్టు) రెట్టింపు చేయకండి. సోమవారం నుంచే అలా మొదలుపెడతానన్నారు కాబట్టి ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. మిగతాది నెమ్మదిగా చదవండి.

మీరు రాసింది ఇది. అమలాపురంలో జిమ్‌లో చేరి మూడు నెలలైంది. మొదటి నెల తొడలు పట్టేసి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎంత చేసినా మర్నాడు ఒళ్ళు మామూలుగానే ఉంటోంది. ట్రైనరేమో నొప్పి లేకపోతే కండ రాదంటున్నారు. చేసిందంతా వృథా అవుతోందా, నొప్పి వచ్చేదాకా చేయాలా అని మీ అనుమానం. చివర్లో ఎడమ భుజం గురించి ఒక్క వాక్యం రాశారు. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. మీ కండల కన్నా దాని గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది.

నేను ట్రైనర్‌ని కాను, డాక్టర్ని కాను. మండపేట దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇప్పుడు నాకు 43. ఐదేళ్ల కిందట నడుం నొప్పితో బోర్డు దగ్గర పావుగంట నిలబడలేకపోయేదాన్ని. డాక్టర్ గారు పరీక్షలు చేయించి, ఎముకల్లో ఏమీ లేదు, నడుం కండలూ తొడల కండలూ బలహీనంగా ఉన్నాయి, బరువులెత్తడం నేర్చుకోండి అన్నారు. పగలంతా చీరలో బడిలో కనిపించే టీచరమ్మ తెల్లారి ఐదున్నరకి జిమ్‌కి వెళ్తే ఎవరేమనుకుంటారో అన్న టెన్షన్ ఒక నెల ఉంది, తర్వాత పోయింది. అలవాటు కొద్దీ మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టాను. ఎడమ పేజీలో ఏ వ్యాయామం, ఎన్ని కిలోలు, ఎన్ని సార్లు. కుడి పేజీలో మర్నాడూ ఆ పై రోజూ ఒళ్ళు ఎంత నొప్పిగా ఉందో సున్నా నుంచి ఐదు వరకు మార్కులు. మీకు చెప్పబోయేదంతా ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే నాకు అర్థమైంది.

మొదటి ఆరు వారాలు కుడి పేజీ నిండా నాలుగులూ ఐదులూ. అప్పుడు నేను చేసిన స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) ఉత్త రాడ్డుతో, 20 కిలోలు. తర్వాత నొప్పి మార్కులు మూడు, రెండు, ఒకటి, సున్నా. ఎడమ పేజీలో బరువు మాత్రం 35 కిలోలకి వచ్చింది. నేను సంతోషించాల్సింది. కానీ మీలాగే భయపడ్డాను. అప్పటి ట్రైనర్‌ని అడిగితే, "మీ మజిల్ అలవాటు పడిపోయింది మేడమ్, షాక్ ఇవ్వాలి" అని వారానికో కొత్త వ్యాయామం పెట్టారు. ఒక వారం లంజెస్ (ఒక కాలు ముందుకేసి కిందికి దిగి లేవడం), ఒక వారం పెట్టె మీదకి ఎక్కి దిగడం, ఇంకో వారం ఎగిరి కూర్చోవడం. నొప్పి మళ్ళీ వచ్చింది. క్లాసులో కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకునేదాన్ని. పనిచేస్తోంది అనుకుని తృప్తిగా ఉండేదాన్ని. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. కుడి పేజీ నిండా నాలుగులు. ఎడమ పేజీలో స్క్వాట్ అదే 35 కిలోలు. నాలుగు నెలలు కష్టపడింది నిజం, నొప్పి పడింది నిజం, బలం మాత్రం పెరగలేదు. ఒక్క వ్యాయామాన్నీ పట్టుకుని పైకి తీసుకెళ్లకపోతే ఎక్కడ పెరుగుతుంది?

ఆ ఆదివారమే అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పుకున్నాను. అమ్మ ఇరవై ఏళ్లు ఊడ్పులకి వెళ్లిన మనిషి. ఆవిడ చెప్పింది నేను చదివిన పరిశోధనలన్నిటికన్నా ముందు నా మనసుకి ఎక్కింది.

సార్వాకి (వానాకాలం వరి పంటకి) కాలవలు వదిలి, నారు అందుకుని, ఊడ్పులు మొదలైతే మొదటి రెండు మూడు రోజులు అమ్మ ఇంటికొచ్చి పీట మీద కూర్చోలేకపోయేది. వెనక తొడలు, నడుం పట్టేసేవి. చిన్నప్పుడు కొబ్బరి నూనె వేడి చేసి నేనే రాసేదాన్ని. నాలుగో రోజు నుంచి ఏమీ ఉండేది కాదు. అప్పుడు పని తగ్గిందా? లేదు. గుత్తకి ఒప్పుకున్న ఎకరాలు ఒప్పుకున్నట్టే పూర్తి చేసేవారు, నిజానికి చెయ్యి తిరిగాక ఇంకా వేగంగా. "నొప్పి పోతేనే కదే పని సాగుద్ది. ఒళ్ళు వాటపడ్డాక నొప్పెందుకుంటది?" అంది అమ్మ. ఇంకో మాట కూడా అంది. సార్వా అయ్యాక నెలల తరబడి నడుం వంచి నాటేది లేకపోయినా, దాళ్వా (రెండో పంట) ఊడ్పుల్లో మొదటి రోజు సార్వా అంత బాధ ఉండేది కాదట.

అమ్మ చెప్పిన ఈ రెండో మాటకి వ్యాయామ శాస్త్రంలో ఒక పేరే ఉంది, రిపీటెడ్ బౌట్ ఎఫెక్ట్ అంటారు. అలవాటు లేని పని ఒక్కసారి గట్టిగా చేస్తే చాలు, అదే పని మళ్ళీ చేసినప్పుడు కండకి దెబ్బ తక్కువ తగులుతుంది, నొప్పి తక్కువ వస్తుంది. ఆ రక్షణ వారాల పాటు, కొందరిలో ఆరు నెలల దాకా కూడా ఉంటుంది. మీకిప్పుడు జరుగుతున్నది ఇదే. మీ తొడలు పని మానేయలేదు, పనికి సిద్ధంగా ఉంటున్నాయి.

అసలు ఆ నొప్పి ఏమిటో కొంచెం చెప్తాను, ఎందుకంటే మీ జిమ్‌లో కూడా "ల్యాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, కరిగించాలి" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. అది సరి కాదు. వ్యాయామం చేసేటప్పుడు కండలో మంట పుట్టే సమయంలో పెరిగే ల్యాక్టేట్ ఆపేసిన గంట అటూ ఇటూగా మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మనం మాట్లాడుకుంటున్న నొప్పి అప్పటికి మొదలే కాదు. అది 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో రోజో మూడో రోజో బాగా ముదిరి, వారం లోపు పోతుంది. ఆలస్యంగా వచ్చే నొప్పి కాబట్టి ఇంగ్లీషులో పొడి అక్షరాలతో డామ్స్ అంటారు. ఇది అలసట వల్ల పేరుకున్న మలినం కాదని, అలవాటు లేని కండ లోపల కలిగిన చిన్న చిన్న చిరుగుల వల్ల వస్తుందని అమెరికా శాస్త్రవేత్త థియోడర్ హఫ్ 1902లోనే రాశారు. ఇప్పుడు అనుకునేదేమిటంటే, ఆ సూక్ష్మమైన దెబ్బకి శరీరం చేసే మరమ్మతులో వాపు వస్తుంది, ఆ చుట్టుపక్కల నరాలు సున్నితంగా మారతాయి, అందుకే ముట్టుకున్నా కదిలించినా నొప్పి పుడుతుంది. కండని చుట్టి ఉండే పొరకి కూడా ఇందులో పాత్ర ఉంది.

ఇంకో సంగతి. బరువు ఎత్తేటప్పటి కన్నా దించేటప్పుడే ఈ నొప్పి ఎక్కువ పుడుతుంది. కండ బిగిసి ఉండగానే సాగాల్సి వస్తుంది కాబట్టి. అన్నవరం కొండ మెట్లు కాలి నడకన ఎక్కి దిగినవాళ్లని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగిన మర్నాడు తొడలు, పిక్కలు. ఎక్కడం కష్టమైన పని, నొప్పి పెట్టేది దిగడం. ఆ నొప్పే కండ పెరుగుదలకి గుర్తయితే, ఏడాదికోసారి సత్యదేవుడి దర్శనానికి మెట్ల దారిన వెళ్లొచ్చే వాళ్ళందరికీ తొడలు వస్తాదుల్లా ఉండాలి కదా. జిమ్‌లోనూ అంతే. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి, తుంటి దగ్గర ఒంగి బరువు దించి ఎత్తడం) చేస్తే వెనక తొడ బాగా సాగుతుంది కాబట్టి మర్నాడు పట్టేస్తుంది. అదే డంబెల్స్ పక్కకి ఎత్తే భుజాల వ్యాయామం ఎంత చేసినా చాలామందికి నొప్పి రాదు, అయినా భుజాలు పెరుగుతాయి. మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంటుంది. నాతో పాటు వచ్చే ఒకావిడకి ఐదేళ్లలో రెండుసార్లు కూడా గట్టి నొప్పి రాలేదు, ఆవిడ డెడ్‌లిఫ్ట్ (నేల మీద నుంచి బరువు ఎత్తడం) నాకన్నా పది కిలోలు ఎక్కువ.

అమ్మ మాట విన్నాక నేను పట్టుకుని చదివిన పరిశోధనల్లో రెండు మీకు పనికొస్తాయి. అమెరికాలో చేసి 2011లో అచ్చు వేసిన చిన్న అధ్యయనం ఒకటి. కొందరికి మూడు వారాలు చాలా మెల్లగా అలవాటు చేసి, ఆ తర్వాతే అసలు వ్యాయామం మొదలుపెట్టించారు. ఇంకొందరిని నేరుగా అందులోకి దింపారు. నేరుగా దిగినవాళ్లకి నొప్పి వచ్చింది, రక్తంలో కండ దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. మెల్లగా మొదలైనవాళ్లకి అవేవీ పెద్దగా లేవు. చివరికి తొడ కండ పెరగడం, బలం పెరగడం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. రెండోది 2016లో బ్రెజిల్‌లో చేసింది. కొత్తగా బరువులు మొదలుపెట్టిన కుర్రాళ్లని పది వారాల పాటు చూశారు. మొదటి వారంలో శరీరం కొత్త ప్రోటీన్ విపరీతంగా తయారు చేసింది, కానీ అందులో ఎక్కువ భాగం దెబ్బని బాగుచేసుకోవడానికే సరిపోయింది. ఆ దెబ్బ తగ్గుముఖం పట్టాకే, తయారైన ప్రోటీన్ కండ పెరుగుదలకి కలిసొచ్చింది. ఇది చదివినప్పుడు నా పుస్తకంలోని ఆ నాలుగు నెలలు కళ్ల ముందు కనపడ్డాయి. వారం వారం కొత్త దెబ్బ కొట్టుకుంటూ, కట్టాల్సిన సిమెంటంతా పగుళ్లు పూడ్చడానికే వాడుకున్నాను.

నొప్పి వచ్చేదాకా చేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం కాబట్టి ఇది మాత్రం కొంచెం వివరంగా రాస్తాను. మా అక్క కొడుక్కి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చి, ఏప్రిల్ ఉక్కపోతలో, ఆరు నెలలుగా ఏ వ్యాయామమూ లేని ఒంటితో, స్నేహితులతో పందెం కట్టి 300 గుంజీలు తీశాడు. మర్నాడు నొప్పి. అందరూ "మొదట్లో అంతేలే" అన్నారు, నేను కూడా ఫోన్‌లో అదే అన్నాను, ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. మూడో రోజుకి తొడలు వాచి గట్టిపడ్డాయి, మోకాలు వంగలేదు, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. అప్పుడు కాకినాడ తీసుకెళ్లాం. కండ లోపలి పదార్థం రక్తంలోకి కారి కిడ్నీల మీద పడుతోందన్నారు, రాబ్డోమయోలిసిస్ అంటారట. ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు దక్కాయి. ఇది అందరికీ వచ్చేది కాదు, కానీ అలవాటు లేని ఒళ్ళు, ఒకే వ్యాయామం మితిమీరినన్ని సార్లు చేయడం, వేడి, తక్కువ నీళ్లు అన్నీ కలిస్తే రావచ్చు. మన వైపు ఎండాకాలం గాలిలో తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాపు వచ్చినా, నొప్పి తగ్గకుండా రోజురోజుకీ పెరుగుతున్నా ఇంట్లో కూర్చోకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. అప్పుడు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకోవద్దు, కొన్ని రకాల నొప్పి బిళ్ళలు ఆ స్థితిలో కిడ్నీలకి ఇంకా చెరుపు చేస్తాయి.

అయితే నొప్పి ఏమీ చెప్పదా అంటే, ఒక చిన్న సమాచారం చెప్తుంది. కొత్త వ్యాయామం నేర్చుకున్నప్పుడు ఎక్కడ పట్టేసిందో చూస్తే బరువు ఎక్కడ పడిందో తెలుస్తుంది. నాకు మొదట్లో రోయింగ్ (ఒంగి బరువుని పొట్ట వైపు లాగడం) చేస్తే వీపు పైభాగం ఊరికే ఉండి నడుం పట్టేసేది. ఒంగే తీరు తప్పని అలా తెలిసింది. అంత వరకే దాన్ని వినండి. అలాగే సంక్రాంతికి రెండు వారాలు మానేసి మళ్ళీ వెళ్తే కాస్త నొప్పి వస్తుంది, అప్పుడు బరువు తగ్గించి మొదలుపెట్టండి. కొద్దిపాటి నొప్పి మీద తేలికగా నడవొచ్చు, తేలిక బరువులు కూడా ఎత్తొచ్చు. మెట్లు దిగలేనంత నొప్పి ఉంటే ఆ కండకి ఇంకో రోజు వదిలేయండి, ఆ స్థితిలో బలం కూడా తగ్గే ఉంటుంది. నూనె రాసి మర్దనా చేయించుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది. సాగదీసే వ్యాయామాలతో మాత్రం పెద్దగా తేడా ఉండదు.

మరి వర్కౌట్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎడమ పేజీ రాయండి. మీ ప్రశ్నలో ఎంత నొప్పో రాశారు గానీ, మూడు నెలల కిందట ఎంత ఎత్తేవారో, ఇప్పుడెంత ఎత్తుతున్నారో ఒక్క అంకె కూడా రాయలేదు. గుర్తు తెచ్చుకుని రాసుకోండి. నేను చేసే పద్ధతి చెప్తాను: ఒక బరువుతో ఎనిమిది సార్లు మొదలుపెట్టి, అన్ని సెట్లలోనూ పన్నెండు సార్లు పద్ధతిగా వచ్చేదాకా దాన్నే పట్టుకుంటాను, తర్వాత రెండున్నర కిలోలు పెంచుతాను. ప్రతి సెట్టూ "ఇంక ఒకటో రెండో మాత్రమే వస్తాయి" అనిపించే చోట ఆపుతాను. మీ కష్టానికి కొలత అది, మర్నాటి నొప్పి కాదు. వ్యాయామాలు కనీసం రెండు మూడు నెలలు మార్చకండి. ఒక్కో కండకి వారంలో రెండుసార్లు పని పడేలా చూసుకోండి, వారం మొత్తం మీద పది సెట్ల దాకా ఉంటే మీ స్థాయికి బాగా సరిపోతుంది. నెలకోసారి టేపుతో చెయ్యి, తొడ చుట్టుకొలత రాసుకోండి. మూడు నాలుగు వారాలు ఏ అంకే కదలకపోతే, అప్పుడు ఒక సెట్టు కలపడం గురించి ఆలోచించండి. అంతకన్నా ముందు నిద్రా తిండీ చూడండి.

తిండి గురించి రెండు మాటలే. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్తుంది. బరువులెత్తేవాళ్లకి 1.6 గ్రాముల దాకా పెంచితే లాభం ఉందని 2018లో చాలా అధ్యయనాలని కలిపి చూసి చెప్పారు. మీరు 70 కిలోలన్నారు, అంటే 112 గ్రాములు. మన భోజనంలో అన్నం కొండంత, కూర గోరంత ఉంటుంది కాబట్టి అంత రాదు. గుడ్డులో ఆరు గ్రాములు, నూరు గ్రాముల చేపలో దగ్గర దగ్గర ఇరవై, నూరు గ్రాముల పెసల్లో 24. అనపర్తి గుడ్లు, గోదావరి చేపలు దగ్గర పెట్టుకుని ఖరీదైన డబ్బాల వెంట పడక్కర్లేదని నా అభిప్రాయం. పొద్దున్న పెసరట్టు పక్కన రెండు గుడ్లు పెట్టుకోండి, రాత్రి ఏడు గంటలు పడుకోండి.

నా సంగతి ముగిస్తాను. ఆ ఆదివారం తర్వాత మళ్ళీ మామూలు స్క్వాట్‌కి, డెడ్‌లిఫ్ట్‌కి వచ్చేశాను, నాలుగు వ్యాయామాలే పట్టుకున్నాను. ఆ తర్వాత ఏడాదిన్నరలో స్క్వాట్ 35 నుంచి 60 కిలోలకి, డెడ్‌లిఫ్ట్ 80కి వెళ్లాయి. ఆ ఏడాదిన్నర కుడి పేజీల్లో ఎక్కువగా ఉన్నవి సున్నాలు, ఒకట్లు. ఇప్పుడు వరసగా మూడు పీరియడ్లు నిలబడి చెప్తాను.

ఇక మీ ఎడమ భుజం. బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువు పైకి నెట్టడం) చేస్తుంటే ముందు వైపు ఒకే చోట పొడిచినట్టు ఉంటుందని, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానని రాసి, "అది మంచి నొప్పేనేమో" అన్నారు. కాదండి. కండ నొప్పి మర్నాడు వస్తుంది, కండ పొడవునా బరువుగా సలుపుతుంది, సాధారణంగా రెండు పక్కలా ఉంటుంది, వారం లోపు పోతుంది. మీది వ్యాయామం చేస్తుండగానే వస్తోంది, ఒకే పక్క, ఒకే చోట, మూడు వారాల నుంచి. అది కీలు దగ్గరి నొప్పి. చూపించుకునేదాకా బెంచ్ ప్రెస్, తల పైకి ఎత్తేవి ఆపేయండి, కాళ్ల వ్యాయామాలు మామూలుగా చేసుకోండి. ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కో ఫిజియోథెరపిస్ట్‌కో చూపించి, ఏమన్నారో ఇక్కడ రాయండి.